పెనుమూడి పెట్టె నంబరు

మా సార్ పోయారని మొన్న పొద్దున బాపట్ల నుంచి వాళ్ళమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. అప్పుడు నేను తెనాలిలో మా ఆఫీసు మెట్లెక్కుతున్నాను. ఏడుపు రావాలి కదా, ముందు భయమేసింది. పైగదిలో కంప్యూటర్లో ఉన్న పట్టికను ఇకమీదట నేనొక్కదాన్నే చూసుకోవాలి, తప్పు చేస్తే పట్టుకునే మనిషి లేరు అని. పెద్దాయన పోతే తన గురించి భయపడే మనిషిని లోకం ఏమంటుందో నాకు తెలుసు. అయినా నిజం అదే.

మేం చేసే పని చాలామందికి తెలియదు. టీవీ చానళ్ళు వచ్చే సిగ్నల్‌లోనే ఇంటర్నెట్ సమాచారాన్ని కూడా కలిపి ఊళ్ళకు పంపిస్తాం. పంచాయతీ ఆఫీసులో ఒక పెట్టె, దానికి ఒక మైకు ఉంటాయి. వాన కబురైనా వరద కబురైనా అందులో వినిపించాలి. మేం పంపేది అన్ని పెట్టెల దాకా వెళ్తుంది గానీ, ఏ పెట్టె అయినా తన నంబరున్న కబురు, లేదంటే అన్నిటికీ కలిపి ఉన్న ఉమ్మడి నంబరు కబురు మాత్రమే తీసుకుంటుంది. ఏ ఊరిది ఏ నంబరో రాసుకున్న పట్టికే మాకు ఆధారం. మామూలు ఇంటర్నెట్‌లో ఈ చిరునామా ఎవరిదని ఒక యంత్రం అడిగితే, నాదేనని ఇంకొకటి పలుకుతుంది. మాది ఒకవైపే నడిచే దారి. అటునుంచి పలుకు రాదు. పట్టికలో తప్పుంటే కబురు వేరే ఊళ్ళో మోగుతుంది, మా తెరమీద మాత్రం అంతా పచ్చగానే ఉంటుంది.

"పంపామంటే చేరినట్టు కాదమ్మాయ్" అనేవారు సార్.

రోజూ బాపట్ల నుంచి ప్యాసింజర్లో వచ్చేవారు. చేతిలో క్యారేజీ, అందులో గోంగూర తప్పనిసరి. ఎక్కడ పెట్టె మార్చినా ఆ ఊరికి ఫోన్ చేసి, పెట్టెను తిరగేయించి, అడుగున ఉన్న నంబరును రెండేసి అంకెల చొప్పున చదివించుకునేవారు. తర్వాత తాను తిరిగి అప్పజెప్పేవారు. కర్లపాలెం అటెండరు ఒకసారి విసుక్కున్నాడు. "పొద్దున చదివాను కదండీ, మళ్ళీ ఏంటండీ?" "నువ్వు చదివావయ్యా. నేను సరిగ్గా విన్నానో లేదో" అన్నారు సార్. ఆయన చాదస్తానికి మేమంతా చాటుగా నవ్వుకునేవాళ్ళం. అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే. నిన్న ఒక పెట్టె మార్చి, నంబరు మూడుసార్లు చదివించుకున్నాను. అయినా నిద్ర పట్టలేదు.

ఈ భయం నాకెక్కడ పట్టుకుందో చెప్పాలి.

ఒక వానాకాలం సార్ కంటికి శుక్లం ఆపరేషన్ చేయించుకుని నాలుగు రోజులు సెలవు పెట్టారు. ఆ రోజుల్లోనే పెనుమూడి పెట్టె పిడుగుకు పాడైంది. మా మెకానిక్ అక్కడ కొత్తది పెట్టి, పాతదాన్ని బాగుచేసి సంగం జాగర్లమూడిలో బిగించాడు. సంగం జాగర్లమూడి పేరు, ఆ నంబరు నేను పట్టికలో చేర్చాను. పెనుమూడి పేరుకు ఎదురుగా ఉన్న పాత నంబరు మార్చడం మర్చిపోయాను. ఫోన్ చేసి చదివిస్తే అప్పుడే తెలిసిపోయేది. సార్ లేరు కదా, అడిగేదెవరని ఊరుకున్నాను.

అయిదో రోజు ఆయన నల్లకళ్ళద్దాలతో వచ్చారు. ఆ మధ్యాహ్నమే ఎగువ నుంచి నీళ్ళు వదిలారనీ, పెనుమూడి దగ్గర ఏటి మధ్య లంకలో ఉన్నవాళ్ళు వెంటనే గట్టుకు రావాలనీ కబురొచ్చింది. పంపాను. తెర పచ్చగా ఉంది. నిశ్చింతగా అన్నం ముందు కూర్చున్నాను.

సంగం జాగర్లమూడి నుంచి ఒకావిడ నవ్వుతూ ఫోన్ చేసింది. "ఏంటండీ, లంకలో వాళ్ళని గట్టెక్కమని మా మైకు అరుస్తోంది? మా ఊళ్ళో లంకెక్కడిదండీ?"

సార్‌కు చెప్పాను. రెండో కంట్లోనూ శుక్లమే, ఆయనకు తెర కనిపించదు. "ఆ ఊరి నంబరు చదువు" అన్నారు. చదివాను. "ఇప్పుడు పెనుమూడిది." మొదటి రెండంకెలు చదివి ఆగిపోయాను. "చదువమ్మాయ్." రెండూ ఒకటే నంబరండీ, పాతది మార్చలేదు అన్నాను.

కొత్త నంబరు రాసిన కాగితం మెకానిక్ దగ్గరుంది, అతని ఫోన్ కలవలేదు. పెనుమూడి పంచాయతీలో ఎవరూ ఎత్తలేదు.

"ఉమ్మడి నంబరు మీద అన్ని పెట్టెలకూ కలిపి పంపెయ్. మళ్ళీ మళ్ళీ పంపు."

"పైవాళ్ళని అడగకుండా ఎలాగండీ? ఊళ్ళన్నీ హడలిపోతాయండీ."

"ఓ పూట హడలిపోనీ."

పంపాను. కాసేపటికే ఫోన్ల మీద ఫోన్లు. మాకూ నీళ్ళొస్తాయా అండీ అని ఒకరు, మీకు బుద్ధుందా అని ఒకరు. పెనుమూడి నుంచి మాత్రం ఏమీ లేదు. పసుపు చేలో వంగి పనిచేసుకుంటున్న ఆడవాళ్ళు నా కళ్ళముందు కదులుతున్నారు. వాళ్ళ ప్రాణాలు పోతే పోగొట్టింది నేనే. నాకు భయంగా ఉందండీ అన్నాను.

"నాకూ భయంగానే ఉంది" అన్నారు సార్. "ఈ పనికి భయం ఉండాలమ్మాయ్. అది లేని రోజున ఈ కుర్చీలో కూర్చోకూడదు."

గంట దాటాక ఒక కూలీ ఆవిడ ఫోన్ చేసింది. "పెనుమూడి నుంచండీ. మైకు విని అందరం గట్టుకొచ్చేశామండీ." నేను బల్లమీద తలవాల్చి ఏడ్చాను. సార్ నన్ను ఒక్క మాట కూడా అనలేదు.

మర్నాడు మాత్రం రేపల్లె రైలెక్కించి, అక్కణ్ణుంచి ఆటోలో పెనుమూడి తీసుకెళ్ళారు. పెట్టె తిరగేసి నంబరు నాచేత పైకి చదివించారు. ఫోన్ చేసిన కూలీ ఆవిడకు నా తప్పు నేనే చెప్పుకున్నాను. ఆమె తిట్టలేదు. "మా కోడలు పిల్లదానికి పాలిస్తా ఉండి, ఈ నాలుగు మొక్కలు తవ్వేసి వస్తానత్తా అందమ్మా. మైకు ఆపకుండా అరుస్తుంటే రెక్క పట్టుకుని లాక్కొచ్చాను" అంటూ మమ్మల్ని గట్టుమీదికి నడిపించింది.

సార్‌కు అడుగు సరిగ్గా కనిపించక నా చెయ్యి పట్టుకున్నారు.

"అదిగోనండీ, నిన్న మేం అన్నాలు తిన్న పాక అక్కడే" అని ఆమె చెయ్యి చాపింది.

"ఏం కనిపిస్తోందమ్మాయ్?" అన్నారు సార్.

"నీళ్ళండీ."

"పాక?"

"లేదండీ."

"చేలు?"

"నీళ్ళే సార్. అంతా నీళ్ళే."

ఆయన నా చెయ్యి నొప్పి పుట్టేలా బిగించి పట్టుకుని, తనకు కనిపించని ఆ నీళ్ళవైపే తిరిగి నిలబడ్డారు.