స్ట్రెచర్ మీద అక్క

అంబులెన్సులో ప్రథమ చికిత్స చేసే ఆవిడని, ఆ బండ్లు నిలిపే స్టేషన్లో చిన్నాపెద్దా అందరూ అక్క అనే పిలుస్తారు. పనిలో చెయ్యి తిరిగిన మనిషి. బండి కుదుపుల్లో కూడా సూది ఒక్క పోటుకే నరంలోకి దించేస్తుంది. అందుకే ఏటా జరిగే శిక్షణ తరగతులంటే ఆవిడకి ఒళ్లుమంట. తాతకి దగ్గులు నేర్పడం దేనికని గొణుక్కుంటూనే వెళ్లేది. వెళ్లకపోతే లైసెన్సు నిలిచిపోతుంది మరి.

ఆ ఏడు పాఠం, రోగిని మెట్ల మీంచి దించడం. తీరా చూస్తే రబ్బరు బొమ్మ మెడ ఊడి ఉంది. పాఠం చెప్పే అమ్మాయి ఒకప్పుడు అక్క దగ్గర పని నేర్చుకున్నదే. బొమ్మ బదులు మీరు పడుకుంటారా అని మొహమాటంగా అడిగింది. హాయిగా పడుకోవడమేగా అని అక్క ఒప్పేసుకుంది.

అక్కని స్ట్రెచర్ మీద పడుకోబెట్టి పట్టీలు బిగించారు. మెడకి కాలరు పట్టీ వేసి, తల కదలకుండా అటూ ఇటూ దిమ్మలు పెట్టారు. ఇక కనిపించేది పైకప్పు, తల వైపు పట్టుకున్న డ్రైవరు గడ్డం, అంతే. నింపాదిగా నడుపుతాడని అతనికి మెరుపు అని పేరు పెట్టారు. మోసేవాళ్లు టీ ఎప్పుడిస్తారో మాట్లాడుకుంటున్నారు. మెట్లు రాగానే, ఉన్నట్టుండి స్ట్రెచర్ కాళ్ల వైపు కిందికి వాలింది. పడిపోతున్నాననుకుంది అక్క. ఏదో ఒకటి పట్టుకుందామంటే చేతులు పట్టీల కింద ఉన్నాయి.

కిందికి దించి పట్టీలు విప్పాక కూడా ఆవిడ లేవలేదు. నడుం పట్టేసిందేమోనని అమ్మాయి కంగారుపడింది.

"నడుం బానే ఉందమ్మా," అంది అక్క. "ఎంతమందిని ఇలా దించానో. ఇప్పుడు వాలుస్తున్నాం అని ఒక్కరికైనా చెప్పిన పాపాన పోలేదు."

అమ్మాయి ఆ మాట పట్టుకుని అందర్నీ వంతులవారీగా పడుకోబెట్టింది. మెరుపు అయితే మెట్ల మలుపు దగ్గర ముక్కోటి దేవతల్నీ తలుచుకున్నాడు.

అక్క ఇంటికెళ్లి ఇదంతా మొగుడికి చెప్పింది. ఆయన దర్జీ. దారం పంటితో తుంచి, కొలత తీసేటప్పుడు చెప్పకుండా టేపు వేస్తేనే మనుషులు ఉలిక్కిపడతారు కదా అన్నాడు. ఇన్నాళ్లూ ఈ సంగతి చెప్పలేదేమని ఆవిడ దెబ్బలాటకి దిగింది. నువ్వు అడిగావా అన్నాడాయన. ఇద్దరూ నవ్వుకున్నారు.

కొన్నాళ్లకి, లిఫ్టు లేని మేడ మీద తుంటి విరిగిన ముసలావిడని దించాల్సొచ్చింది. పట్టీ వెయ్యకముందే ఆవిడ మెట్ల రెయిలింగు పట్టుకుని ఎవరెంత చెప్పినా వదల్లేదు. అక్క వంగి, ఆవిడ కళ్లకి ఎదురుగా మొహం పెట్టింది.

"పెద్దమ్మా, ఇప్పుడు కాళ్ల వైపు కిందికి వాలుతుంది. పడిపోతున్నట్టు ఉంటుంది, పడవు. నా చెయ్యి నీ భుజం మీదే ఉంటుంది. మలుపు దగ్గర కాసేపు ఆగుదాం."

"చెప్తూ ఉండమ్మాయ్," అని ముసలావిడ రెయిలింగు వదిలింది.

అక్క అడుగడుక్కీ చెప్తూనే ఉంది. సగం దిగేసరికి ముసలావిడ భయం తీరింది. వెనకాలే వస్తున్న కొడుకుని, చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకున్నావేమిరా అని కోప్పడింది కూడా.

ఆవిడని ఆస్పత్రిలో అప్పగించాక అక్క, మెరుపు బయట బడ్డీ దగ్గర నిలబడ్డారు. అక్క గొంతు బొంగురుపోయింది. ఈ లెక్కన గొంతు మాత్రలు కూడా స్టేషన్ వాళ్లే ఇవ్వాలి అన్నాడు మెరుపు. అక్క నవ్వి, టీలో అల్లం ఎక్కువ వెయ్యమని చెప్పింది.