వెల్డింగ్ అద్దంలో గ్రహణం

సూర్యుణ్ణి రాహువు మింగితే, మా బాపుకు దక్కాల్సిన గ్రహణాన్ని నేను మింగాను. ఎట్లాగో చెప్తాను. నవ్వండి, కానీ కాస్త మెల్లగా.

అప్పుడు నేను కరీంనగర్‌లో డిగ్రీ చదువుతున్నాను. బాపు సిరిసిల్లలో మరమగ్గాలు నడిపేవాడు. కళ్ళకు మోతిబిందు పొర ముసురుకుంటున్న రోజులవి. ఆదిలాబాద్ దాటి, పెన్‌గంగ నది అవతలికి పోతే సంపూర్ణ సూర్యగ్రహణం కనిపిస్తుందని నేను చెప్పగానే సంచి సర్దాడు.

"గ్రాణం నాడు గడప దాటుతరా ఎవలన్న?" అని అవ్వ, అంటే మా అమ్మ, మొత్తుకుంది.

"కండ్లు ఉన్నప్పుడే సూసొస్తనే," అన్నాడు బాపు.

బస్సులో దారి పొడుగునా నాది ఒకటే ఉపన్యాసం. "ఉత్త కండ్లతోని సూస్తే గుడ్డోళ్ళమైతం బాపూ. ఏం జరిగినా గీ వెల్డింగ్ అద్దం తియ్యద్దు."

సూర్యుడు పూర్తిగా మూసుకున్న ఆ కాసేపు మాత్రం అద్దం తీసి చూడాలన్న ముక్క నేను చదవనే లేదు. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నాది సగం చదువు కదా, పోయిన మతి పోతూ పోతూ బాపు చూడాల్సినదాన్ని కూడా వెంటబెట్టుకుపోయింది.

పత్తిచేను గట్టు మీద, మరాఠీవాళ్ళ మధ్య కూర్చున్నాం. సాయంత్రానికి మొగులు జర విడిచి సూర్యుడు కనిపించాడు. అద్దంలో సూర్యుడు కొరికిన రొట్టెలా తరిగి తరిగి మాయమయ్యాడు. జనం ఒక్కసారిగా కేకలు! నాకు కనిపించింది మాత్రం బొగ్గుబాయిలో నల్లపిల్లి.

"ఏమైందిరా? ఏం కనవడ్తలేదు," అంటూ బాపు అద్దం దించబోయాడు.

"తియ్యకు బాపూ! కండ్లు పోతయ్!"

పక్కనున్న ముసలాయన మమ్మల్ని చూసి "కాఢా! కాఢా!" అని అరిచాడు. మరాఠీలో 'తీసెయ్యండి' అని. నా అరకొర ఉర్దూ చెవికి అది 'ఖడా' అని వినిపించింది.

"నిలబడాల్నట బాపూ, లే!"

లేచాం. నల్లటి అద్దాలు కళ్ళకు అదుముకుని, జెండా వందనంలో నిలబడ్డట్టు నిలబడ్డాం. సూర్యుడు మళ్ళీ బయటికి వచ్చేదాకా కదల్లేదు.

తర్వాత ముసలాయన హిందీలో విడమరిచి చెప్పాడు. నల్లటి సూర్యుడి చుట్టూ తెల్లని వెలుగు పూసిందట, పక్కనే చుక్క మెరిసిందట. ఆ చోటెక్కడో చూపించమన్నాడు బాపు. ముసలాయన వేలెత్తాడు. అప్పటికే అక్కడ మొగులు కమ్మింది. బాపు అటే చూస్తూ ఉండిపోయాడు.

తిరుగు బస్సులో బాపు అద్దాన్ని సంచిలో పెడుతూ అన్నాడు. "చీకటే సూడాల్నంటే ఇంట్ల కరెంటు పోయినప్పుడు సూస్తుంటిమి గదరా. గింత దూరం ఎందుకొస్తిమి?"

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

మా దిక్కు అటువంటి గ్రహణం మళ్ళీ రాలేదు. బాపు కూడా ఇప్పుడు లేడు. అందుకని సూర్యచంద్రులిద్దరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: సగం చదువుతో ఇంకెవరి కళ్ళకూ కాపలా కాయను. ఎవరైనా నిలబడమంటే, ముందు ఏ భాషో కనుక్కుని నిలబడతాను.