ఆరు బ్లేడ్లూ ఒక గడపా

నాకు ముక్కు మీద కోపం. ఈ మాట నా భార్య అంటే మళ్ళీ కోపం వస్తుంది కనుక నేనే ముందు రాసేస్తున్నాను. ఆ కోపంతోనే పాతికేళ్ళు నిండకుండా మా పెదనాన్నతో తగువు పడి వేరుపడ్డాను. మా ఊళ్ళో వడ్రంగి పనికి ఆయనే పెద్ద. నాకు బాడిస పట్టడం నేర్పింది కూడా ఆయనే. "నీకెవడు పనిస్తాడ్రా? నెల తిరక్కుండా నా పాకలోకే వస్తావు" అన్నాడు. నెల కాదు, ఆరు నెలలైనా వెళ్ళలేదు. అయితే ఆ ఆరు నెలలూ నాగళ్ళు బాగుచెయ్యడం, విరిగిన మంచంకోళ్ళు మార్చడం తప్ప నాకు వేరే పని రాలేదు.

గోదావరి మీద రైలు వంతెన ఇంకా లేని రోజులవి. మా ఊరు మండపేటకు అవతల. కాలవ నీళ్ళ పుణ్యమా అని రైతులు తాటాకిళ్ళు తీసేసి పెంకుటిళ్ళు కట్టుకుంటున్నారు. అలా కట్టుకుంటున్న ఒక పెద్ద రైతుగారు కాకినాడలో ఎవరో దొరగారి బంగళా తలుపులు చూసి వచ్చారు. వాటి అంచులు అలలు అలలుగా, గాడులు గాడులుగా ఉన్నాయట. ఇంటికొచ్చినా ఆయన మనసు ఆ తలుపుల దగ్గరే ఉండిపోయింది. పెదనాన్నను అడిగితే "మన కొంపలకి దొర వేషాలెందుకండీ" అన్నాడట. అప్పుడు నాకు కబురొచ్చింది.

"ఏమయ్యా ఆచారీ, అలాంటివి నువ్వు చెయ్యగలవా?"

"పనిముట్టుంటే చేస్తానండి."

ఆ పనిముట్టు కాకినాడ రేవులో ఒక షావుకారు కొట్లో ఉందని ఆయనే చెప్పారు. దొరల సీమ నుంచి ఓడ మీద వచ్చిన చిత్రిక. మన చిత్రికకు ఉండేది ఒకే బ్లేడు, అది కర్రను చదును చేస్తుంది. దీనికి పెట్టె నిండా బ్లేడ్లున్నాయి. ఏది బిగించి తోస్తే కర్ర అంచు ఆ ఆకారంలోకి తిరుగుతుంది. చిత్రికతో పాటు నాకు నచ్చిన ఆరు బ్లేడ్లు తెచ్చుకోమన్నారు. ముందు వీధి గడప చేసి చూపించాలి. ద్వారబంధం నిలబెట్టే ముహూర్తానికి అది ఇంట్లో అందరికీ నచ్చితే ఇల్లంతా నాదే. తలుపులు, కిటికీలు, స్తంభాలు కలిపి రెండేళ్ళ పని. నచ్చకపోతే మాత్రం నేను మళ్ళీ పెదనాన్న పాకలో కూర్చుని ఆయన మాటలు పడాలి.

కాకినాడ కొట్లో షావుకారు పెట్టె తెరవగానే నాకు ఒళ్ళు తెలియలేదు. మైనపు కాగితాల్లో చుట్టిన బ్లేడ్లు ఒక్కొక్కటే విప్పి చూపించాడు. ఏది ఏ ఆకారం తీస్తుందో తెలియడానికి ఒక్కోదానితో చేయించి ఉంచిన జానెడు కర్రముక్కలు వరసగా పేర్చాడు. మూడు గాడులది, అయిదు గాడులది, పూసల వరసలా వచ్చేది, కొక్కెంలా లోపలికి తిరిగేది. నేను కళ్ళతోనే మింగేస్తూ అన్నిటికన్నా లోతుగా, వగలమారిగా ఉన్నవి ఆరు ఏరాను. చివర్లో ఒకటుంది, ఉత్త గుండ్రనిది. "ఇది దేనికండీ, రోకళ్ళు చెయ్యడానికా?" అని నవ్వాను. షావుకారూ నవ్వాడు. "ఎవరూ కొనరండి దాన్ని" అన్నాడు.

ఊరికొచ్చి టేకు దుంగలోంచి గడప తీసి, పై అంచుకు అయిదు గాడుల బ్లేడు పట్టించాను. ఆ చిత్రిక తోస్తుంటే చుట్టలు చుట్టలుగా పొట్టు లేచి మోకాళ్ళ మీద పడేది. చూడ్డానికి సగం ఊరు వచ్చింది. నా కాళ్ళు నేల మీద లేవు. పెదనాన్న కూడా వచ్చాడు. చూసి వెంటనే వెళ్ళిపోయాడు. అసూయ అనుకున్నాను.

ముహూర్తం ఇంకా నాలుగు రోజులుందనగా రైతుగారి తల్లి, అందరూ మామ్మగారు అని పిలిచే ఆవిడ, గడప చూడ్డానికి వచ్చారు. నిండు ముత్తైదువ. చేతిలో పసుపు గిన్నె. నిలబెట్టేముందు ఒకసారి పూసి చూస్తానని గడప దగ్గర కూర్చుని, తడి పసుపు అరచేతిలో వేసుకుని అంచు మీద ఒక్కసారి లాగారు. చెయ్యి సగంలో ఆగిపోయింది. పసుపంతా గాడుల్లోకి దిగి ముద్దలు కట్టింది, గట్ల మీద అంటనే లేదు. వేలు పెట్టి గీకబోతే గోరు గాడిలో ఇరుక్కుంది.

"ఇది గడపా బాబూ, పేలు దువ్వుకునే దువ్వెనా? శుక్రవారం శుక్రవారం నా కోడలు పుల్ల పెట్టి గీక్కోవాలా?"

ఉన్నవాళ్ళంతా పకపకా నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. బంగళాలో దొరసాని గడపకు పసుపు రాయదు. ఆ సంగతి నాకూ తట్టలేదు, రైతుగారికీ తట్టలేదు. ఆయన నావైపు చూడకుండా, "ముహూర్తం మార్చలేం ఆచారీ. ఆ వేళకి మా అమ్మ సరే అనాలి, లేకపోతే మీ పెదనాన్ననే పిలుస్తాను" అన్నారు.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని షావుకారును, దొరలను, మామ్మగారి గోరును కూడా తిట్టాను. నా భార్య అంతా విని, మజ్జిగ పోస్తూ అంది.

"మీరు కంటితో ఏరుకొచ్చారండి. గడప మీదికి వచ్చేది ఆడవాళ్ళ చెయ్యి కదా."

"అయితే నువ్వెళ్ళి ఏరుకురా!" అన్నాను కోపంగా.

"పదండి మరి" అంది.

ఆవిడ వేళాకోళం ఆడుతోందనుకున్నాను. తెల్లారేసరికి జడ వేసుకుని, పసుపు పొడి చిన్న మూట కట్టి కొంగున ముడేసుకుని గుమ్మంలో నిలబడింది. కాలవ దాకా బండి మీద, అక్కణ్ణించి పడవ మీద వెళ్ళాం. గట్టు మీద ఇద్దరు తాడు లాగుతుంటే పడవ మెల్లగా వరిచేల మధ్య నుంచి పోతోంది. పెళ్ళయి మూడేళ్ళయినా మేమిద్దరం కలిసి ఎక్కడికీ వెళ్ళలేదు. ఆవిడ కొంగలు లెక్కపెట్టింది, పడవవాణ్ణి ఊళ్ళ పేర్లు అడిగింది, అటుకులు నాకు పెట్టకుండా తనే ఎక్కువ తింది. రెండేళ్ళ పని చేజారిపోతున్న మనిషినైనా నేనూ నవ్వాను. ఆ ప్రయాణం తలుచుకుంటే ఇప్పటికీ నాకు సంతోషమే.

కొట్లో కర్రముక్కలన్నీ వరసగా పెట్టించింది. షావుకారును చెంబుడు నీళ్ళడిగి పసుపు కలిపింది.

"అమ్మా, అమ్మా! సరుకు పాడైపోద్దండీ!" అని ఆయన లేచాడు.

"కర్రముక్కలేగా అన్నయ్యగారూ, కడిగిచ్చేస్తాను."

కళ్ళు మూసుకుని ఒక్కో ముక్క మీదా అరచెయ్యి లాగుతూ పోయింది. పూసల వరస దగ్గర మొహం చిట్లించింది, కొక్కెం దగ్గర "అబ్బా" అంది. చివరి ముక్క మీద చెయ్యి ఎక్కడా ఆగకుండా ఈ కొస నుంచి ఆ కొసకు జారింది. కళ్ళు తెరిచి, "ఇదండి" అంది. నేను రోకళ్ళకా అని నవ్విన బ్లేడు ముక్క అది. నా మొహం చూసి షావుకారు పడీ పడీ నవ్వాడు. నవ్విన ఊపులోనే అయిదు గాడులది వెనక్కి తీసుకుని అది ఇచ్చేశాడు.

ముహూర్తానికి ముందురోజు పొద్దుటే ఇంటికి చేరి, గడప మీద గాడులన్నీ పోయేదాకా మామూలు చిత్రిక పట్టి, ఆపైన ఆ గుండ్రని బ్లేడు నడిపించాను. పొద్దుగూకేలోగా అయింది. వగలు ఏమీ లేవు. నిండుగా, నున్నగా ఉంది.

ముహూర్తానికి మామ్మగారు గడప ముందు కూర్చుని ముందు ఉత్త చేత్తో తడిమి చూశారు. కాకినాడ కథ పడవవాడి నోట అప్పటికే ఊరంతా తిరిగింది. ఆవిడ పసుపు గిన్నె ఎత్తి, జనం వెనకాల నిలబడ్డ నా భార్యను పిలిచారు.

"మొదటి చెయ్యి నువ్వెయ్యమ్మా."

వడ్రంగి భార్యను గడపకు మొదటి పసుపు రాయమనడం మా ఊళ్ళో ఎవరూ ఎరగరు. నా భార్య వచ్చి కూర్చుని గడప మీద చెయ్యి పెట్టింది. ఒక్క లాగులో అంచు మొత్తం పచ్చగా మెరిసింది. "ఇల్లంతా నీదేనయ్యా" అని రైతుగారు నా భుజం తట్టారు. నాకు ఏడుపొచ్చింది. అందరూ చూశారు, చూడనీ అనుకున్నాను.

ద్వారబంధం నిలబెట్టాక జనం పలచబడ్డారు. పెదనాన్న నెమ్మదిగా వచ్చి, వంగి, ఆరిన పసుపు మీదుగా గడప అంచును వేలితో తడిమాడు. చాలాసేపు తడిమాడు.

"మంచి బ్లేడురా. ఎవరు ఎంచారు?" అన్నాడు.

ఆరు నెలలుగా ఆ నోట అలాంటి మాట కోసమే కాచుకుని ఉన్నాను. "నేనే" అందామని నోటిదాకా వచ్చింది.

"మీ కోడలండి" అన్నాను.