బోర్లించిన నావ

ఇది చాలా ఏళ్ళుగా నా గుండె మీద కూర్చుని ఉంది. మా ఆయనకు చెప్పలేదు. మా అమ్మకు చెప్పలేదు. ఆఫీసులో ఇది తెలిసినవాళ్ళు ఉన్నారు గానీ వాళ్ళు దీన్ని తప్పు అనుకోలేదు, ఎప్పుడో మరిచిపోయారు కూడా. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. మధ్యలో తడబడితే ఏమీ అనుకోకండి.

నా పని చెబితే నవ్వుతారు. కంపెనీలు తమ పెద్ద పెద్ద క్లయింట్లకు విందులిస్తాయి కదా, ఆ విందులకు చోటు వెతికి పెట్టడం నా పని. హోటల్ హాళ్ళంటే అందరికీ మొహం మొత్తింది. ఎవరూ చూడని చోటు కావాలి. మూతపడిన జనపనార మిల్లులో భోజనాలు పెట్టించాను. నౌపడ దగ్గర తెల్లటి ఉప్పు కుప్పల మధ్య బల్లలు వేయించాను. "ఈ చోట్లు ఎక్కడ పట్టుకొస్తావమ్మా తల్లీ!" అనేవాళ్ళు. పొంగిపోయేదాన్ని. ఒక చోటు నా కంటికి ఖాళీగా కనిపించినంత మాత్రాన అది ఖాళీ అని ఎలా నమ్మాను? ఈ ప్రశ్న అప్పట్లో ఒక్కసారైనా నాకు తట్టలేదు.

మాది గరివిడి దగ్గర మెట్ట ఊరు. నువ్వులు, వేరుశనగ పండించే ఇల్లు. సముద్రమంటే నాకు కార్తీకమాసం స్నానం, అంతే. అందుకే ఆ ఉప్పుమడుల వెనక, సరుగుడు తోట దాటాక ఉన్న తీరం చూసినప్పుడు ఎగిరి గంతేశాను. మనిషి అలికిడి లేదు. ఇసక మీద ఒకే ఒక పాత చెక్క నావ, బోర్లించి ఉంది. ఎంత బాగుందో! దాన్ని చూసే ఆ చోటు ఖాయం చేశాను.

తోటకు ఇవతల చేపలవాళ్ళ పేట ఉంది. అక్కడి పెద్దాయన సరేనన్నాడు. వెళ్ళబోతుంటే వెనక్కి పిలిచాడు.

"ఆ నావ జోలికి మాత్రం ఎల్లకండి తల్లీ."

"అలాగే బాబాయ్," అన్నాను. ఎందుకని అడగలేదు. అడిగి ఉంటే చెప్పేవాడు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడమంటే ఇదే.

విందు రోజు పేటంతా పక్క ఊరికి పెళ్ళికి వెళ్ళింది. మందుల కంపెనీ వాళ్ళు పొద్దు వాలుతుండగా దిగారు. నావ చుట్టూ చిన్న దీపాలు పెట్టించాను. అప్పుడే చూశాను, నావ ముక్కుకు పసుపు రాసి ఉంది, మీద కుంకుమ బొట్టు. రెండూ తాజాగా ఉన్నాయి. ఏదో పండగ పూజ అయి ఉంటుందిలే అనుకున్నాను.

చలిమంటకు తెప్పించిన కట్టెలు పచ్చివి, పొగ తప్ప మంట రాలేదు. కంపెనీ పెద్దమనిషి నావ దగ్గరకు నడిచాడు. దీపాలు చూశాడు. "ఓహో, చలిమంట దీనితోనా? ఈ ఐడియా మీదేనా? అద్భుతం!" అన్నాడు.

కాదు సార్ అంటే సరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. అందరూ నా వైపే చూస్తున్నారు, మెచ్చుకోలుగా. "అవును సార్," అన్నాను.

ఎండి ఎండి ఉన్న చెక్క, భగ్గున అంటుకుంది. కాసేపటికి లోపలి నుంచి చప్పుడు మొదలైంది. టక్. కొంచెం ఆగి మళ్ళీ టక్, టక్. నావ కింద ఎవరో ఉండి పిడికిలితో తడుతున్నట్టు. వేడికి పలకలు విచ్చుకుంటున్నాయని నాకు తెలుసు. అయినా రెండడుగులు వెనక్కి వేశాను. "ఎవరండీ లోపల?" అని పెద్దమనిషి జోకేశాడు. అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

తెల్లారకముందే బూడిదా బొగ్గులూ సముద్రంలో పోయించి, ఇసకను నున్నగా చదును చేయించాను. తప్పు కాదనుకుంటే అంత తొందర దేనికి? ఏం చేశానో నాకు తెలుసు. ఎవరికి చేశానో మాత్రం తెలియదు. అదీ పొద్దెక్కేసరికి తెలిసింది.

పెళ్ళి నుంచి తిరిగొచ్చిన ఒక ఆవిడ తోటలోంచి నడిచి వచ్చింది. తలలో పెళ్ళి పూలు ఇంకా వాడలేదు. చేతిలో పసుపు గిన్నె. గురమ్మ అని తరవాత తెలిసింది. నావ ఉండాల్సిన చోట నిలబడి అటూ ఇటూ చూసింది.

"నా నావేదమ్మా?"

"రాత్రి అలలు బాగా లేచాయమ్మా. సముద్రం లాక్కెళ్ళిపోయింది," అన్నాను. ఆ అబద్ధం ఎంత సాఫీగా వచ్చిందో!

ఆవిడ ఇసక వంక చూసింది. "బోర్లేసిన నావని సంద్రం ఎలగ తీసికెల్తాది? ఇసకలో కూరుకుపోయి ఉన్నాది. ఎవలో తిప్పితే గానీ లెగదు." నా దగ్గరకు వచ్చింది. "నువ్వు సూసినావేటి? ఎవలైనా వచ్చినారా?"

ఇదిగో, ఇక్కడైనా చెప్పేయాల్సింది. దేవుడు ఇంకొకసారి దారి చూపించాడు. "నిద్రపోయాం. చూడలేదు," అన్నాను.

ఆవిడ ముఖం మారింది. ఏడుస్తుందనుకున్నాను. వెలిగిపోయింది! "అయితే మా మావే. వేరేవోళ్ళ బోటు మీద యేటకెల్లి రానేదు, శవం కూడా దొరకనేదు. పోనాడు, గాజులు తీసెయ్ అన్నారందరూ. నాను తియ్యనేదు. ఆడు బోర్లేసిన నావ ఆడే వచ్చి తిప్పుతాడన్నాను. సూసినావా, వచ్చినాడు!"

సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ క్షణాన హమ్మయ్య అనుకున్నాను. మంచే జరిగిందిలే అనుకున్నాను. ఆవిడ నాలుగడుగులు పేట వైపు వేసి ఆగిపోయింది. వెనక్కి తిరగలేదు.

"మరి ఇంటికి రానేదేటి?" అంది.

నన్ను కాదు అడిగింది. పసుపు గిన్నె అలాగే చేతిలో పట్టుకుని నడుచుకుంటూ పోయింది.

ఆ విందుతో నాకు పేరొచ్చింది. మండుతున్న నావ ఫొటో మా ఆఫీసు గోడ మీద ఇప్పటికీ ఉంది. దానికి వీపు తిప్పి కూర్చుంటాను. మొన్నామధ్య ఒక కొత్త క్లయింటు ఆ ఫొటో చూపించి, మాకూ ఇదే చోటు కావాలన్నాడు. కాదనడానికి కారణం చెప్పలేక మళ్ళీ ఆ పేటకు వెళ్ళాను. కాళ్ళు నన్ను నేరుగా గురమ్మ ఇంటికే తీసుకెళ్ళాయి.

మిట్టమధ్యాహ్నం. తలుపు దగ్గరగా వేసి ఉంది, గడియ లేదు. గడియ పెట్టదట. మనిషి చిక్కి సగమైంది. గాజులు మోచేతిదాకా జారుతున్నాయి. నన్ను గుర్తుపట్టి పీట వేసి కూర్చోబెట్టింది.

"నామీద అలిగినాడమ్మా," అంది. "ఎల్లేరోజు పులుసులో ఉప్పెక్కువైనాదని కంచం తోసేసినాడు. నాను నోరు జారినాను. ఆ మాత్రానికి నావ పట్టుకుని ఎల్లిపోతాడేటి? ఇంటిదాకా వచ్చి తలుపు తడతాడు. తీస్తే ఉండడు. నువ్వు సెప్పు, నానంత తప్పు సేసినానా?"

ఇన్నాళ్ళూ నేను ఒక నావను కాల్చాననుకున్నాను. చనిపోయిన మొగుణ్ణి, బతికుండి వదిలేసిపోయిన మొగుడిగా మార్చానని అప్పుడు అర్థమైంది. చనిపోయినవాడి కోసం ఏడ్చుకోవచ్చు. వదిలేసినవాడి కోసం ఏం చేస్తారు?

చెప్పేద్దామని నోరు తెరిచాను. అప్పుడు తలుపు మీద చప్పుడైంది. టక్. కొంచెం ఆగి మళ్ళీ టక్, టక్.

ఆ చప్పుడు నాకు తెలుసు. ఎక్కడ విన్నానో తెలుసు. బయట ఎండ, గాలి లేదు, సరుగుడు కొమ్మ కూడా కదలడం లేదు. గురమ్మ కంగారు పడలేదు. లేచి నిలబడి, కొంగు సర్దుకుని, రెండు చేతులతో జుట్టు నున్నగా దువ్వుకుని తలుపు తీయడానికి వెళ్ళింది.

తలుపు అవతల ఎవరూ లేరు. ఆవిడ తీరం వైపు చాలాసేపు చూసింది. నేను వెనక గుమ్మం నుంచి, వెళ్ళొస్తానని కూడా అనకుండా వచ్చేశాను.

చేసిన పాపం చెబితే పోతుందనేది మా నాయనమ్మ. పోతుందని నాకు ఆశ లేదు. అసలు చెప్పాల్సింది మీకు కాదని కూడా తెలుసు. ఆవిడ ముందు కూర్చుని చెప్పే ధైర్యం నాకు లేదు, ఇవాళ్టికీ లేదు. కానీ ఒక్కసారైనా ఈ మాట నా నోటితో బయటికి రావాలి. వినండి. నీమీద ఎవరూ అలగలేదు గురమ్మా. ఆ రాత్రి ఎవరూ రాలేదు. నీ నావను నేనే కాల్చాను.