మంద తాగిన నీళ్లు

మల్లీశ్వరికి చదవమని చేతికిచ్చిన దానికంటే పక్కన పడేసిన దాని మీదే ఎక్కువ మోజు. చిన్నప్పుడు మిర్చి బజ్జీలు తెస్తే ముందు పొట్లం కాగితం విప్పి చదివేది. అది పూర్తయ్యేలోగా బజ్జీలు చల్లారిపోయేవి. "గీ పిల్లకు కడుపు కాదు, కండ్లు నిండాలె," అని తల్లి సోమమ్మ గొణిగేది. అలాంటి పిల్లకు నల్లగొండలో చదవడమే ఉద్యోగంగా దొరికింది. అదృష్టమంటే ఇదే మరి!

నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల పళ్లు గారపట్టడం, ఎముకలు బిగుసుకుపోవడం గురించి దేశదేశాల్లో అచ్చయిన పరిశోధన వ్యాసాలను ఒకచోట చేర్చే పని అది. ఆ పనికి పెద్ద డాక్టర్ మంజులత. వ్యాసాలు వేలల్లో ఉన్నాయి. మనుషులు చదువుతూ కూర్చుంటే తెమిలేది కాదని కంప్యూటర్లో ఒక ఏర్పాటు చేశారు. ముందు మల్లీశ్వరి కొన్నింటి సారాంశాలు చదివి, ఇది పనికొస్తుంది, ఇది రాదు అని గుర్తులు పెడుతుంది. ఆమె ఎంపికలో మాటల పోకడ పట్టుకుని మిగతా కుప్పను కంప్యూటరే వేరు చేస్తుంది. అలా నిలిచిన వ్యాసాలను బట్టే, వచ్చే ఎండాకాలం ఎవరి నీళ్లు పరీక్షించాలో, ఎవరి ఎముకలు చూడాలో తేలుతుంది. అందులో లేనివాళ్లను ఇక పట్టించుకునే నాథుడుండడు.

నివేదిక దాదాపు తయారైంది. ఒకరోజు మధ్యాహ్నం అందరూ భోజనాలకు లేస్తే, మల్లీశ్వరి మాత్రం కంప్యూటర్ తీసేసిన కుప్ప తెరిచింది. ఎవరూ చూడమనలేదు. చూడకపోతే ఆమెకు అన్నం సయించదు, అంతే.

టూత్‌పేస్టుల తయారీ, ఫ్యాక్టరీల పొగ... పోవాల్సినవే పోయాయి. వాటి మధ్య ఒకటి కనబడింది. కృష్ణ ఒడ్డుదాకా మందలు తోలుకుపోయే గొర్రెల కాపరుల మీద రాసిన వ్యాసం. ఎవరో వాళ్ల వెంట నడిచి, మెడలూ మోకాళ్లూ పరీక్షించి రాశారు. నిక్షేపంలాంటి వ్యాసం. దీన్నెందుకు తోసేసినట్టు?

వెనక్కి వెళ్లి తన గుర్తులే చూసుకుంది. గొర్రెల ఊసున్న ప్రతి వ్యాసాన్నీ పనికిరాదని తానే పెట్టింది. పశువుల రోగాలు మనకెందుకనుకుంది. అది సగం కారణమే. ఆమెది గొర్లకాపరుల ఇల్లు. హాస్టల్లో ఆడపిల్లలు "గొర్ల వాసన" అంటూ ముక్కులు మూసుకున్నప్పటి నుంచి ఆ మాట కనబడితే చాలు, వేలు దానంతటదే తీసేసే మీట మీదికి పోతుంది. పాపం, కంప్యూటర్‌కేం తెలుసు? బుద్ధిగా ఆ చిరాకు కూడా నేర్చుకుంది. గొర్రెలతో పాటు కాపరులూ కొట్టుకుపోయారు.

ఆమెకు తండ్రి భిక్షం గుర్తొచ్చాడు. ఆయన మెడ తిప్పలేడు. పిలిస్తే ఒళ్లంతా తిప్పి చూస్తాడు. ఇంటికి శుద్ధి చేసిన నీళ్ల నల్లా వచ్చి ఏళ్లయింది కదా, ఇది వయసు వల్లేనని అందరూ సరిపెట్టుకున్నారు. ఆ ఆదివారం ఊరికెళ్లి అడిగింది.

"బాపు, మందెంట పోయినప్పుడు నీళ్లు ఏడ తాగుతవు?"

"గొర్లు తాగినకాడనే. కొత్త జాగల అవి మూతి పెట్టినంకనే మనం తాగాలె. అవి ఎనకకు జరిగితే ఆ నీళ్లు ముట్టం."

"మరి నల్లా నీళ్లు?"

"నల్లా మనెంట నడుస్తదా బిడ్డా?" అని నవ్వాడు భిక్షం.

మల్లీశ్వరికి నవ్వు రాలేదు. తాతల నుంచి వాళ్లను కాపాడిన పద్ధతే అది. కానీ ఫ్లోరైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. గొర్రె కూడా మోసపోతుంది. మందదీ మనిషిదీ ఒకటే నీళ్లయినప్పుడు ఆ వ్యాసాలను విడదీయడం ఎంత తెలివితక్కువ పనో అప్పుడు తెలిసింది.

సోమవారం నేరుగా మంజులత ముందు నిలబడింది. "మిషన్ తప్పు కాదు మేడం. నేనే గట్ల నేర్పిన. మల్ల నేర్పుత."

మంజులత తల పట్టుకుంది. "రేపు పంపాల్సిన నివేదిక ఇది!" అని విసుక్కుంది. కాపరుల వ్యాసం చదివాక మాత్రం నివేదిక ఆపేసింది.

మల్లీశ్వరి గొర్రెల వ్యాసాలన్నీ ఓపిగ్గా చదివి కొత్తగా గుర్తులు పెట్టింది. ఈసారి కాపరులు తిరిగొచ్చారు. వాళ్ల వెనకే ఎక్కడో ఎడారిలో ఒంటెలు తోలేవాళ్లు, కొండల్లో బర్రెలు మేపేవాళ్లు కూడా బిలబిలమంటూ వచ్చేశారు. ఇంతమందిని బయట నిలబెట్టానా అని ఆమెకు సిగ్గేసింది. వాళ్లేం తాగుతారో చదవాలని అంతకంటే ఎక్కువ ఆత్రం కలిగింది.

ఎండాకాలం పరీక్షకు నీళ్లు పట్టే సీసాలు మందల వెంట పంపాలని మంజులత నిర్ణయించింది. మల్లీశ్వరి వెంటనే తండ్రికి ఫోన్ చేసింది. "బాపు, గీసారి ఏ బోర్లకాడ ఆగుతవో అన్నీ చెప్పాలె. మా ఆఫీసోళ్లు వచ్చి పరీక్ష చేస్తరు."

భిక్షం గాభరా పడ్డాడు. "ఎందుకు బిడ్డా? మన గొర్లకేమన్న రోగమొచ్చిందా?"

"గొర్ల కోసం కాదు బాపు," అంది మల్లీశ్వరి. "నీ కోసం."