చీర ముందల, మనిషి ఎనుక

రెండు వేల ఇరవై మూడు అని రాయి బిడ్డా. దసరాకు ముందట. నాందేడ్‌ల తరోడా నాకా కాడ పిండి గిర్ని ఉన్నది సూడు, దాని మీది రూము. గదే మా స్టూడియో. స్టూడియో అంటే సదివేటోళ్లు ఏదో అనుకునేరు. ఒక గోడకు బూడిద రంగు పరదా, రెండు పెద్ద లైట్లు, ఒక నిలువుటద్దం, చీరల ముడతలు పోయేటందుకు ఆవిరి కొట్టే స్టీమర్. అంతే. కింద గిర్ని నడిస్తే మీద నేల వణుకుతది, అప్పుడు ఫొటో దీస్తే మసకగ అస్తది. అందుకే కింద జొన్నలు పడ్డప్పుడల్లా మేము పని ఆపి చాయ తాగుతం. నల్ల చీరలైతే పొద్దుగాల్నే, గిర్ని తెర్వకముందే దీస్తం. లేకుంటే పిండి పడ్తది.

నా పనికి పేరేందంటే నాకే సరిగ తెల్వదు. వైశాలీ తాయి డైరెక్టర్ అంటది. ఆన్‌లైన్ దుకాణం ఆమెదే, ఫోన్ల చీరలు అమ్ముతది. నేనైతే నిలవెట్టేదాన్ని అంట. మోడల్ పిల్ల పరదా ముందల నిలవడ్తది. కాలు యాడ పెట్టాలె, కొంగు ఏ చేత్తోటి పట్టాలె, కుచ్చెలు ఎంత ఇప్పాలె, మొకం ఎటు తిప్పాలె, గదంత నేను చెప్తా. కెమెరా పట్టేది దిలీప్ భావు. ఒక చీర కట్టిచ్చి దీస్తే దాన్ని ఒక లుక్కు అంటరు. ఒక లుక్కుకు ఆరు ఫొటోలు: ముందట నిలువు, ఎనుక నిలువు, కొంగు ఇప్పి ఒకటి, అంచు దగ్గరికెళ్లి ఒకటి, కుచ్చెలు, జాకెట్ ముక్క. దినానికి ముప్పై లుక్కులు పడాలె. నవ్వకు, నిజంగనే ముప్పై! కట్టుడు, విప్పుడు, కట్టుడు, విప్పుడు. సాయంత్రానికి నా చేతులు నావి గావు.

అంతకుముందు నేను నాందేడ్‌లనే, వజీరాబాద్‌ల చీరల దుకాణంల ఇరవై ఆరేండ్లు గద్దె మీద కూసున్న. గద్దె అంటే తెల్ల గుడ్డ పరిచిన పరుపు. మేము దాని మీద కూసోని చీరలు పరుస్తుంటే గిరాకి ఎదురుంగ కూసోని సూస్తరు. తర్వాత జనం ఫోన్లల్ల కొనుడు మొదలువెట్టిన్రు, దుకాణం మూతవడ్డది. వైశాలీ తాయి మా దుకాణానికి పాత గిరాకి. నన్ను ఎతుక్కుంట ఇంటికచ్చింది. "కాకూ, చీర సంగతి మీకు తెల్సినంత నాకు తెల్వదు, నాతోని రాండ్రి" అన్నది. ఆమె మరాఠీల మాట్లాడ్తది, నేను మన మాటల చెప్తున్న. కాకూ అంటే చిన్నమ్మ, తాయి అంటే అక్క, భావు అంటే అన్న.

ఇగ అసలు కథ.

మొదట్ల పుణె నుంచి ఒక మోడల్ పిల్ల అస్తుండె. మంచి పిల్లనే, పనిమంతురాలే. కని మస్తు సన్నం. జాకెట్ ఎనుక బట్టల క్లిప్పులు పెట్టి బిగిస్తే గని నిలవకపోయేది. ఫొటోలు బొమ్మల లెక్క అచ్చినయ్, చీరలు పోయినయ్, పోయినయి పోయినట్టే మల్లచ్చినయ్. కొన్నోళ్లు నచ్చక వాపస్ పంపుడును రిటర్న్ అంటరు. ఆన్‌లైన్ దుకాణపోళ్లు జరానికన్న రిటర్న్‌కే ఎక్కువ భయపడ్తరు. అన్నిట్ల ఒకటే మాట రాసిన్రు: ఫొటోల ఉన్నట్టు మా మీద లేదు.

తాయి తల పట్టుకున్నది. నేనన్న, "తాయీ, మన చీరలు కట్టేది టీచరమ్మలు, నర్సమ్మలు, ఇద్దరు పిల్లల తల్లులు. గసొంటి మనిషినే నిలవెట్టు. సూశినామె ఇది నాకు బాగుంటది అనుకోవాలె."

"అట్లాంటిది ఎవరున్నరు కాకూ?"

"రేణుక ఉన్నది" అన్న. సప్పున నోట్లకెళ్లి అచ్చింది.

రేణుక నా పక్కపొంటి తొమ్మిదేండ్లు గద్దె మీద కూసున్నది. పుట్టింది ఇస్లాపూర్ దిక్కు, ఇచ్చింది ముద్ఖేడ్‌ల. ఇంట్ల మన మాటే. ఇద్దరు పిల్లలు. చామనచాయ, నిండు మనిషి. చీర పట్టుకుంటే చీరకే ఇజ్జత్ అస్తది. దుకాణం బందైనంక చేన్లకు కూలికి పోతుండె. నేను ఫోన్ చేస్తే ఒకటే అడిగింది, "మల్ల చీరల పనా అక్కా?" అని.

తాయి ఒక షరతు పెట్టింది. "ఒక్క పూట సూస్తా కాకూ. మధ్యాహ్నం అన్నం తినే ఏళకు నాకు నమ్మకం కుదరాలె. కుదిరితే నెలకు ఎనిమిది దినాలు ఆమెకే పని. లేకుంటే పుణె పిల్లకు ఫోన్ చేస్త. దసరా ముందట ఫొటోలు ఎక్కాలె, నాకు టైం లేదు."

రేణుకకు గది ఒక్క పూట కాదు. అప్పుడు సోయా కోతలు. కూలోళ్లు గుంపులు గుంపులుగ పోతరు. ఒక దినం రానంటే నీ జాగల ఇంకొకామె అస్తది, ఇగ సీజనంత నీకు జాగ ఉండదు. గా గుంపుల పేరు తీపిచ్చుకొని, పొద్దుగాల రైలుకు ముద్ఖేడ్ నుంచి దిగింది. నా మాట మీద అచ్చింది.

మొదలువెట్టినం. మొదటిది గట్టి నీలం చీర, పసుపు అంచు. కట్టిచ్చి నిలవెట్టిన. దిలీప్ కెమెరా ఎత్తిండు, ఈమె తల దించింది.

"తల ఎత్తు రేణ్కా."

ఎత్తింది. మల్ల దించింది.

"మాన్ వర్, తాయీ!" అన్నడు దిలీప్. మెడ మీదికి అని. ఎత్తింది. ఆయన బటన్ ఒత్తేలోపట కండ్లు చీర అంచు మీదికి పోయినయ్.

సరే, కొంగు ఫొటో దీద్దామని కొంగు ఇప్పి పట్టుకోమన్న. రెండు చేతుల్తోని పట్టి ముక్కు దాక లేపింది. కొంగు మస్తు కనవడ్తుంది, మనిషే లేదు. దిలీప్ కెమెరాల సూపిచ్చిండు. "కాకూ, చీరకు చేతులు మొలిచినట్టున్నది సూడుండ్రి!" అని ఒకటే నవ్వు.

నాకు నవ్వు రాలే. రెండు చీరలైనయ్, మూడైనయ్, నాలుగైనయ్. అదే తీరు. గోడ మీద గడియారం నడుస్తనే ఉన్నది. నేను ఒర్రుడు మొదలువెట్టిన. "ఏందే, దొంగతనం చేసినవా? మొకం దాసుకుంటవేంది? నీకోసం నేను మాటిచ్చిన్నే! నా ఇజ్జత్ తీస్తవా?" ఒర్రినకొద్ది ఆమె ఇంక బిగుసుకపోయింది. భుజాలు చెవులకానినయ్.

దేవుడు దయదలిచిండు, కింద గిర్నిల జొన్నలు పడ్డయ్. నేల వణికింది. దిలీప్ కెమెరా కింద పెట్టి, చాయ తెస్తనని పోయిండు.

ఇద్దరమే ఉన్నం. రేణుక కొంగు మడత పెట్టుకుంట మెల్లగ అన్నది, "అక్కా, నువ్వే గదా నేర్పింది."

"ఏం నేర్పిన?"

"మొదటి దినం మన దుకాణంల. ఒకామె అచ్చింది, నేను చీర పరిచి ఆమె దిక్కు సూసి నవ్విన. నువ్వు నా జబ్బ గిల్లినవ్. యాదికి లేదా?"

లేదు బిడ్డా. నాకు అసలు యాదికే లేదు.

"గిరాకి నిన్ను సూస్తే చీర అమ్ముడువోదు అన్నవ్. చీర ముందల, మనిషి ఎనుక అన్నవ్. తల ఎత్తినప్పుడల్లా గిల్లుతుంటివి. నెల దినాలు నా జబ్బ నల్లగనే ఉండె. తర్వాత తల ఎత్తుడు మరిచిపోయిన. ఇప్పుడు నువ్వే ఎత్తుమంటున్నవ్. నేను ఎత్తుతున్న అక్కా, అదే దిగుతున్నది."

అబద్ధం గాదు. గద్దె మీద గదే పద్ధతి. నాకు నేర్పినామె గూడ గట్లనే నేర్పింది. గిరాకి కండ్లు చీర మీద ఉండాలె, అమ్మేటోళ్లు గోడ లెక్క ఉండాలె. పొద్దటి నుంచి నేను ఎవల మీద ఒర్రుతున్ననో తెల్సింది. నేను కుట్టిన కుట్టు ఊడ్తలేదని బట్టను తిడ్తున్న.

ఇగ "తల ఎత్తు" అనుడు బందు పెట్టిన. మడిచిన చాదరొకటి తీసి నేల మీద పరిచిన, దాని మీద కూసున్న, చీరల కట్ట ముందలేస్కున్న.

"రేణ్కా, బయటికి పో. తలుపుల నుంచి మల్ల రా. నువ్వు గిరాకివి, నేను గద్దె మీదున్న."

"ఎవల లెక్క రావాలె?"

"నీ ఇష్టం. తొమ్మిదేండ్లు సూస్తివి గదా."

కొంగు సదురుకున్నది. తర్వాత చెప్పులు తొడుక్కొని బయటికి పోయింది. దిలీప్ చాయ పట్టుకొని అచ్చిండు. "భావూ, చాయ ఆడ పెట్టు, కెమెరా పట్టు, నోరు మూస్కో" అన్న. కింద జొన్నలు అయిపోయినయ్. నేల ఆగింది.

తలుపు తెరుచుకున్నది. లోపటికచ్చింది రేణుక కాదు! గడ్డం మీదికి, సంచి మోచేతికి, చెప్పులు ఇడిచే తీరుల్నే "నాకు తొందరున్నది" అన్నట్టు. మా దుకాణానికి ఒక మేడం అస్తుండె. నలభై చీరలు ఇప్పిపిచ్చి, రెండు చాయలు తాగి, ఒక్కటి గూడ కొనకుండ పోయేది. మేము ఆమెను చాయ మేడం అనేటోళ్లం. అచ్చం ఆమె!

"హే నకో. దుస్రం దాఖ్వా" అన్నది రేణుక. ఇది వద్దు, ఇంకోటి సూపియ్యు అని. నాతోని అన్నది బిడ్డా! నాకు నవ్వాగలే. దిలీప్ కెమెరా టక టక టక.

తర్వాత అద్దం టీచర్ అచ్చింది. ఆ టీచరమ్మ చీర భుజం మీదేసుకొని, అద్దానికి ఈపు తిప్పి, మెడ వాల్చి తన ఎనుక తనే సూసుకునేది. గది అచ్చం ఎనుక నిలువు ఫొటో! పుణె పిల్లకు గది నేర్పనీకె నాకు ఒక పూట పట్టింది. ఈమె ఊకెనే చేసింది.

"తల దించుకోనే ఉంటివి గదనే, ఇవన్నీ ఎట్ల సూసినవ్?"

"గద్దెకు ఎదురుంగ అద్దం ఉండె గదక్కా" అన్నది. "తలే దించుమన్నవ్, కండ్లు మూస్కోమన్లే."

ఆరు చీరలైనయ్, ఎనిమిదైనయ్. ఒక్కొక్క చీరకు ఒక్కొక్క గిరాకి. తర్వాత ఆకుపచ్చ చీర కట్టిచ్చిన. రేణుక నడుం మీద చెయ్యి పెట్టుకొని, కొంగును రెండు వేళ్లతోని పట్టి రుద్దుకుంట, "రంగు పోదు గదా? పక్కా? పోతే నేను మీ ఇంటికే అస్తా!" అని మరాఠీల గట్టిగ అన్నది. నేను, దిలీప్ పగలబడి నవ్వుతున్నం. ఉన్నట్టుండి దిలీప్ నవ్వాపిండు.

తలుపుల వైశాలీ తాయి నిలవడ్డది.

ఆ మాట ఎవలిదో నీకు తెల్సింది గదా? పాత గిరాకి అని ముందే చెప్పిన. వేళ్లతోని రుద్దుడు, "మీ ఇంటికే అస్తా" అనుడు, అన్నీ తాయివే. రేణుక మొకం తెల్లవడ్డది. తల మల్ల దిగుతున్నది, నేను సూస్తున్న. అయిపోయిందిరా దేవుడా అనుకున్న.

తాయి లోపటికచ్చింది. "నేను గిట్లంటనా?" అన్నది.

దిలీప్ కెమెరా దిక్కు సూసుకుంట, "నిన్న గూడ అన్నరు తాయీ" అన్నడు.

తాయి రేణుకనడిగింది, "మరి, చివరికి కొంటుంటినా లేదా?"

రేణుక తల దిగుతున్నది కాస్త ఆగింది. మెల్లగ లేసింది. "ప్రతిసారి కొన్నరు తాయీ. ఒకటి కొంటనని అచ్చి రెండు కొన్నరు."

తాయి ఒకటే నవ్వు. కండ్లల్ల నీళ్లచ్చేదాక నవ్వింది. తర్వాత కెమెరా తీస్కొని ఫొటోలన్నీ ఒక్కొక్కటి సూసింది. ఆకుపచ్చ చీర కాడ చానసేపాగింది. "కాకూ, ఇది నాకొకటి పక్కకు పెట్టుండ్రి" అన్నది. పోయేటప్పుడు తలుపు కాడ ఆగి, "రేణుకా తాయి, ఎనిమిది దినాలంటే ముద్ఖేడ్ నుంచి అచ్చుడు పోవుడు కష్టమైతదా?" అని అడిగింది. మాకు ఇంకేం చెప్పాల్సిన పని లేదు.

అబద్ధమెందుకు, రిటర్నులు అన్నీ ఆగిపోలే. రంగు నచ్చలేదని పంపుతరు, మొగడు వద్దన్నడని పంపుతరు. కని ఫొటోల ఉన్నట్టు లేదు అనే మాట తగ్గింది. రేణుక ఇప్పటికి గూడ అలిసిపోతే కొంగు ముక్కు దాక లేపుతది. "చేతులు మొలిచినయ్!" అని దిలీప్ అంటడు, దించుతది.

కొత్త పిల్ల ఎవలన్న అచ్చి బిగుసుకపోతే నేనిప్పుడు ఒర్ర. ఇంతకుముందు ఏం పని చేసినవ్ బిడ్డా అని అడుగుత. ఒకామె బడిల పిల్లలకు అన్నం వడ్డించేది. ఎప్పుడు సూసినా ముందలికి వంగుతుండె. "అన్నం పెట్టుడు అయిపోయింది, ఇగ నువ్వు కూసోని తిను, వాళ్లే నీకు వడ్డిస్తరు" అన్న. నడుం నిలవడ్డది. ఒంటికి నేర్పింది ఒర్రితే పోదు. ఇంకో పని చేతికిస్తే మెల్లగ పోతది. ఎవలు నేర్పిన్రో అడుగుడు ఇంక మంచిది. ఒక్కోసారి నేర్పినోళ్లం మనమే అయితం.

ఆగాగు, ఒకటి మరిచిన, రాయి. ఆ దినం పని అయినంక దిలీప్, "కాకూ, మీ ఇద్దరిది ఒకటి దీస్త" అన్నడు. నేను చీర పట్టుకొని రేణుక పక్కకు నిలవడ్డ. ఆయన కెమెరా ఎత్తిండు. నేను సక్కగనే నిలవడ్డననుకున్న, కని నా తల దానంతట అదే చీర అంచు మీదికి దిగింది. ఇరవై ఆరేండ్ల తల గదా.

రేణుక నా జబ్బ గిల్లింది. గట్టిగ.

"తల ఎత్తక్కా" అన్నది.

గా ఫొటో మన అల్మారి లోపటి తలుపుకు అతికిచ్చి ఉన్నది, నువ్వు రోజు సూస్తవ్. అందుల నేను నోరు తెరిచి ఒర్రుతున్న. చీర సగం కింద పడ్డది, అంచు కనవడనే కనవడది. మేమిద్దరం మాత్రం మంచిగ కనవడ్తున్నం.