ట్యాంకరుకు కొబ్బరికాయ కొట్టిన ఊరి వకీలు

జిలానీ గారి మరణవార్త నాకు మార్కాపురం కోర్టు ఆవరణలోనే అందింది. ఒక కేసులో వాయిదా తీసుకుని బయటికి వస్తుంటే టీ కొట్టు దగ్గర నలుగురు వకీళ్ళు మాట్లాడకుండా నిలబడి ఉన్నారు. మా కోర్టులో వకీళ్ళు ఒకచోట చేరి నోరు మూసుకున్నారంటే ఏదో ఘోరం జరిగిందనే అర్థం. వారిలో పెద్దాయన నా వైపు చూసి, "మీ సీనియర్ పోయినాడమ్మా. పొద్దున నమాజు చేసుకోని లేస్తా లేస్తా పడిపోయినాడంట" అన్నాడు. దుఃఖం ఆ తర్వాత వచ్చింది. ముందు వచ్చింది భయం, ఇది రాస్తున్న ఈ క్షణం దాకా అది నన్ను వదల్లేదు.

ఆయన ఇంటికి వెళ్ళేసరికి వాకిలి నిండా జనం. జనం కన్నా ఎక్కువగా గుసగుసలు. "నిజంగా గుండెపోటేనా?" అని ఒకరి చెవిలో ఒకరు అడుగుతున్నారు. ఆ ప్రశ్న నా గొంతులోనూ ఉంది. అప్పుడు ఆయన భార్య షంషాద్ గారు తలమీద కొంగు సర్దుకుంటూ గడప దాకా వచ్చి అందరికీ వినపడేలా చెప్పారు. "గుండెపోటే. డాక్టరిచ్చిన మాత్రలు బీరువాలో అట్లే ఉన్నాయి, వేసుకోకుంటే గుండె ఊరుకుంటదా? లేనిపోని కథలు కట్టి జనాన్ని బెదిరించొద్దండి. మీరిట్ల బెదిరిస్తే రేపు సాక్ష్యానికి ఎవరొస్తరు?" భర్త శవం ఇంట్లో ఉండగా సాక్షుల గురించి ఆలోచించిన ఆ ఇల్లాలిని చూస్తే, ఆయనకు అంత ధైర్యం ఎక్కడిదో తెలిసింది.

అయితే ఆయన్ని ధైర్యవంతుడని రాస్తే ఆయనే ఒప్పుకోరు. "నాకు భయం తల్లీ, చాలా భయం" అని పదిమందిలో చెప్పుకునేవారు. "భయం లేదనే వకీలుకు కేసు అర్థం కాలేదని లెక్క" అనేవారు. ధీరోదాత్తత, నిర్భీకత వంటి పెద్ద పెద్ద మాటలు సంతాప సభలో ఇప్పటికే చాలామంది వాడేశారు. ఆయన విని నవ్వుకుని ఉంటారు.

ఆయన తండ్రి ఇక్కడి పలకల గనిలో కేకలు వేసేవాడు. అదే ఆయన ఉద్యోగం. బండను పేల్చే మందు పెట్టాక, అంటించే ముందు, ఆయన గని గట్టు చుట్టూ తిరిగి గొంతెత్తి పిలవాలి. లోపల ఎవరైనా ఉంటే "ఉన్నా" అని పలకాలి. ఒక్క గొంతు పలికినా ఆ మనిషి బయటికి వచ్చేదాకా అంటించేవాడు చేయి కదపకూడదు. ఆ తండ్రి చివరికి రాతి దుమ్ము పట్టిన ఊపిరితిత్తులతో దగ్గి దగ్గి పోయాడు. కొడుకు న్యాయశాస్త్రం చదివి, గట్టు తగాదాలు, మనోవర్తి కేసులు వాదిస్తూ, గిద్దలూరు నుంచి త్రిపురాంతకం దాకా అందరి చేతా వకీలన్న అనిపించుకుంటూ హాయిగానే బతికారు. కొనకనమిట్ల వైపు ఒక పల్లె వాళ్ళు ఆయన గుమ్మం ఎక్కేదాకా.

ఆ పల్లె కథ బయటివాళ్ళకు చెబితే నమ్మరు. ఊరి పక్కన పాడుబడ్డ పలకల గుంత ఉంది. వానొస్తే అందులో చేరిన నీళ్ళే గొర్రెలకు ఆధారం. ఆ ఏడు వాన లేదు, గుంత ఎండింది. అప్పుడు ట్యాంకర్లు వచ్చాయి. మా ప్రాంతంలో ట్యాంకరంటే నీళ్ళే. దాని వెనక బిందెలతో పరుగెత్తడం మాకు నడక నేర్చినంత సహజం. గుంతలో పైపు దించి వదులుతుంటే, ఎవరో పుణ్యాత్ములు పశువుల కోసం నీళ్ళు నింపుతున్నారని ఊరంతా కదిలొచ్చింది. మొదటి ట్యాంకరుకు పసుపు కుంకుమ పెట్టి, హారతిచ్చి, కొబ్బరికాయ కొట్టారు. డ్రైవరుకు అరటిపండు చేతిలో పెట్టారు. అతను తీసుకున్నాడు, ఏమీ చెప్పలేదు. అది ఏదో రసాయనాల ఫ్యాక్టరీ వదిలించుకున్న విషమని గొర్రెలు పడిపోయాక గాని తెలియలేదు. నేను బేస్తవారిపేట దగ్గర గొర్రెల కాపరుల ఇంట పుట్టినదాన్ని. మంద మొత్తం నోట నురగతో పడి ఉంటే ఆ ఇల్లు ఎలా ఉంటుందో నాకు ఎవరూ వర్ణించి చెప్పనక్కరలేదు.

కొబ్బరికాయ కొట్టిన మనిషి ఓబులమ్మ. ఆమె మందే మొదట పోయింది. జిలానీ గారి ఎదుట నేల మీద కూలబడి, "నా చేత్తోనే పూజ చేసినా వకీలన్నా. నా చేత్తోనే పిలుచుకున్నా దాన్ని" అని తల కొట్టుకుంది. ఆయన కుర్చీ దిగి ఆమె ఎదురుగా కూర్చున్నారు. "ట్యాంకర్లో ఏముందో నీకు తెలుసునా అక్కా?" "తెల్దన్నా." "పోసినోడికి?" ఆమె ఏడుపు ఆపి ఆయన వైపు చూసింది. "పోయించినోడికి తెలుసు. తెలిసీ కేకెయ్యలేదు. తప్పు వానిది, నీది కాదు." ఆ తర్వాత ఆయన వాదించిన వాదమంతా ఆ నాలుగు మాటల విస్తరణే.

ట్యాంకర్లు ఆపాలని ఊరివాళ్ళ తరఫున దావా వేశారు. తాత్కాలికంగా ఆపమని ఉత్తర్వూ తెచ్చారు. అవతలి వకీలు నిండు కోర్టులో, "వీళ్ళే హారతిచ్చి ఆహ్వానించారండీ" అన్నాడు. కోర్టు హాలంతా నవ్వింది. జిలానీ గారు నవ్వు ఆగేదాకా నిలబడి, "అవునండీ, దాహమైన ఊరు ట్యాంకరును నమ్మింది. ఆ నమ్మకం సంగతి తెలిసే అక్కడికి పంపారు" అన్నారు. ఆ తర్వాత హాల్లో ఎవరూ నవ్వలేదు.

కాని జరిమానాలతో ఈ రోగం కుదరదని ఆయనకు త్వరగానే బోధపడింది. జరిమానా కంపెనీలకు అద్దె లాంటిది, కట్టి మళ్ళీ పోస్తారు. విషం పంపమని సంతకం పెట్టిన మనిషి ఏ దేశంలో ఏ కుర్చీలో ఉన్నాడో మనకు కనపడడు. అలా చదువుతూ చదువుతూ హేగ్ నగరంలోని అంతర్జాతీయ నేర న్యాయస్థానం దగ్గరికి చేరారు. జాతి నిర్మూలన, మానవాళిపై నేరాలు, యుద్ధ నేరాలు, దురాక్రమణ, ఈ నాలుగింటినే అది విచారిస్తుంది. పర్యావరణ సంహారాన్ని అయిదో నేరంగా చేర్చాలన్నది ప్రపంచంలో కొందరు చేస్తున్న పోరాటం. నేల, నీరు, గాలి తీవ్రంగా, తరాల పాటు నాశనమవుతాయని తెలిసీ ఆ పనికి తెగించినవాణ్ణి, కంపెనీ పేరు చాటున దాక్కోనివ్వకుండా, మనిషిగా బోనులో నిలబెట్టాలని దాని సారాంశం. ఆ మాట చదివిన రోజు ఆయన నన్ను పిలిచి, "సముద్రం మింగేస్తున్న దీవులోళ్ళు అడుగుతున్నారు తల్లీ దీన్ని. నీళ్ళెక్కువై వాళ్ళు, నీళ్ళు లేక మనం. ఇద్దరం ఒకే కేసులో వాదులం" అన్నారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

బార్ అసోసియేషన్‌లో ఈ విషయం మీద ఉపన్యసిస్తే మావాళ్ళు ఊరుకుంటారా? "ముందు మార్కాపురంలో వాయిదా తెచ్చుకోండి సార్, హేగ్ తర్వాత పోదురు" అన్నారు. హేగ్ సాబ్ అని పేరు పెట్టారు. మన దేశం ఆ కోర్టులో సభ్యత్వమే తీసుకోలేదని ఒకాయన లేచి గుర్తు చేశాడు. "నిజమే. మా నాయన కేకేసేటప్పుడు గనిలో ఎవరన్నా ఉన్నారో లేరో ఆయనకూ తెలీదు. అయినా కేకేసేవాడు" అని జవాబిచ్చి, చల్లారిన టీ తాగి కూర్చున్నారు. ఎగతాళి చేసినవాళ్ళతోనే మర్నాడు కలిసి టీ తాగేవారు. అలిగి దూరం కావడం ఆయనకు చేతకాదు.

ఒకసారి నన్ను ఆ గుంత దగ్గరికి తీసుకెళ్ళారు. మిట్టమధ్యాహ్నం. ముక్కు మండే వాసన. నీళ్ళ మీద రంగురంగుల పొర. పక్షి కాదు కదా, ఈగ కూడా లేదు. మా పక్క పల్లెల్లో అంత నిశ్శబ్దం నేను ఎన్నడూ వినలేదు. "వానలు గట్టిగా పడితే ఇది పొంగి వాగులో కలుస్తది. వాగు కిందనే ఊరి బోరు" అని చెప్పి, ఆ పొర వైపు వంగి చూశారు. తర్వాత తనలో తాను అనుకున్నట్టుగా, "మందు ఇప్పటికే పెట్టేసినారు తల్లీ" అన్నారు. ఆనాటి నుంచి మబ్బు పట్టినప్పుడల్లా నాకు గుండె దడ. వాన కోసం మొక్కుకునే సీమలో పుట్టి వానకు భయపడే రోజు వచ్చింది నాకు.

ఇప్పుడు ఆయన లేరు. సాక్షుల్లో చాలామంది ఒక్కొక్కరే వెనక్కి తగ్గారు. వకాలత్‌లో ఆయన పేరు పక్కన ఉన్నది నా పేరే. ఎవరో ఫోన్ చేసి ఎంతో మర్యాదగా, "చిన్న పిల్లలున్నారు గదమ్మా నీకు, ఈ గొడవలెందుకు" అని పెట్టేశారు. అరిచి ఉంటే ఇంత భయపడేదాన్ని కాదు. జియారత్ నాడు, అంటే సమాధి దగ్గర మూడో రోజు ప్రార్థన నాడు, షంషాద్ గారికి ఆ సంగతి చెప్పి, నావల్ల కాదేమోనన్నాను. ఆమె నా చేయి పట్టుకుని, "నక్కో బేటీ, వద్దులే, నిన్ను బలవంతం చెయ్యను. ఆయనకూ ఇట్లాంటి ఫోన్లు వచ్చేవి. రొట్టె తినకుండ అట్లే కూర్చునేవాడు. తెల్లారితే మల్లా కోటు తొడుక్కునేవాడు" అన్నారు.

ఓబులమ్మ కూడా వచ్చింది ఆ రోజు, బస్సు మారి, మల్లెపూల పొట్లంతో. సమాధికి వేయాలంట. వెళ్ళేటప్పుడు అడిగింది. "సోమారం కోర్టులో మన పేరు పిలుస్తారంట గదా పాపా. ఎవురూ పలక్కపోతే ఏమైతది?"

"దావా కొట్టేస్తారు పెద్దమ్మా. ఉత్తర్వూ పోతుంది."

"అప్పుడు ట్యాంకర్లు?"

నేను ఆమెతో పాటు వాకిలి దాకా నడిచాను. ఆమె చెప్పులేసుకుంటూ, "నాకూ బయంగానే ఉంది పాపా. మొదటి బస్సుకే వస్తా" అని చెప్పి వెళ్ళిపోయింది.

గురువర్యా, తమ స్థానాన్ని భర్తీ చేయగలవారు ఈ మూడు తాలూకాల్లో లేరు. ఇది సంప్రదాయం కోసం రాసిన వాక్యం కాదు, బార్‌లో ప్రతి గదికీ వెళ్ళి అడిగి వచ్చాక రాస్తున్న వాక్యం. హేగ్‌లో అయిదో నేరం ఎప్పుడు చేరుతుందో, మేమెవరమైనా చూస్తామో లేదో నాకు తెలియదు. నాకు తెలిసింది సోమవారం ఒక్కటే. కోర్టు జవాను వరండాలోకి వచ్చి మన దావా పేరు గట్టిగా పిలుస్తాడు. మామూలుగా మీరు టీ గ్లాసు నా చేతికిచ్చి, కోటు సర్దుకుంటూ లోపలికి పరుగెత్తేవారు. ఈసారి ఆ గ్లాసు పట్టుకునేవాళ్ళు లేరు. గొంతు పెగులుతుందన్న నమ్మకం లేదు. అయినా ఒక్క గొంతు పలికితే చాలు, అవతలివాడు నిప్పు అంటించకూడదని చెప్పింది మీరే. సార్, నాకు చాలా భయంగా ఉంది. ఉన్నాను.